కలాకా

కలాకా అనేది మెక్సికో జానపద కళలో కనిపించే అస్థిపంజరపు బొమ్మ. ప్రతి సంవత్సరం నవంబరు 1, 2 తేదీలలో జరిగే 'దియా దె ముయెర్తోస్' (మృతుల దినం) పండుగకు ఈ బొమ్మలతో ఇళ్ళను, అంగళ్ళను, వీధులను అలంకరిస్తారు. ఇవి భయపెట్టడానికి చేసినవి కావు. రంగురంగుల దుస్తులు ధరించి, నవ్వుతూ, నాట్యమాడుతూ, బ్రతికి ఉన్నవారు చేసే పనులన్నీ చేస్తూ కనిపిస్తాయి.

పేరు

మెక్సికో వాడుక భాషలో 'కలాకా' అంటే అస్థిపంజరం. మృత్యువును కూడా సరదాగా ఈ పేరుతో పిలుస్తారు. 'కలవేరా' అంటే పుర్రె. పుర్రె ఆకారపు చక్కెర మిఠాయిలను, బ్రతికి ఉన్నవారిని చనిపోయినట్లు ఊహించి ఈ పండుగకు వ్రాసే హాస్య పద్యాలను కూడా కలవేరాలనే అంటారు.

పండుగలో స్థానం

చనిపోయిన బంధువుల ఆత్మలు ఈ రోజులలో ఇంటికి వచ్చి వెళ్తాయని నమ్మకం. చాలాచోట్ల మొదటి రోజును చనిపోయిన పిల్లలకు, రెండవ రోజును పెద్దలకు కేటాయిస్తారు. 'ఒఫ్రెండా' అనే వేదికపై వారి ఛాయాచిత్రాలు, కొవ్వొత్తులు, నీరు, రొట్టె, వారికి ఇష్టమైన వంటకాలు, బంతిపూలు ఉంచుతారు. తెలుగువారు గుమ్మాలకు కట్టే బంతిపూల మొక్కకు జన్మస్థానం కూడా మెక్సికో ప్రాంతమే.

తయారీ

కాగితపు ముక్కలను పిండి జిగురుతో అచ్చుపై పొరలు పొరలుగా అంటించి, ఆరిన తరువాత రంగులు వేస్తారు. ఈ పనిని 'కర్తోనెరియా' అంటారు. మెక్సికో నగరానికి చెందిన పెడ్రో లినారెస్ (1906-1992) కుటుంబం ఇందులో ప్రసిద్ధి చెందినది. మిచోవకాన్ రాష్ట్రంలోని కపూలా గ్రామంలో మట్టితో చేస్తారు. వాద్యగాళ్ళు, వధూవరులు, వైద్యులు, చిరువ్యాపారులు మొదలైన రూపాలలో ఈ బొమ్మలు లభిస్తాయి.

చరిత్ర

స్పానిష్‌వారి రాకకు పూర్వమే మెక్సికో శిల్పాలలో పుర్రెలు ఉన్నవి. ఐరోపాలో మధ్యయుగపు 'మృత్యు నాట్యం' చిత్రాలు ఉండేవి. నేటి బొమ్మలకు వీటిలో ఏది ఎక్కువ మూలమన్న విషయంలో పండితులకు ఏకాభిప్రాయం లేదు.

ఈ బొమ్మల ప్రస్తుత రూపంపై ఎక్కువ ప్రభావం చూపినవాడు హోసె గ్వాదలూపె పోసాదా (1852-1913). ఈయన ఆంటోనియో వనేగాస్ అర్రోయో అనే ప్రచురణకర్త వద్ద సామాన్యులు కొనగలిగే చౌక కరపత్రాలకు అస్థిపంజరాల చిత్రాలు చెక్కేవాడు. వాటిలో పెద్ద టోపీ ధరించిన స్త్రీ పుర్రె ప్రసిద్ధమైనది. స్థానిక మూలాలు దాచుకొని ఐరోపా వారిలా కనిపించాలనుకునేవారిపై అది వ్యంగ్యం. డియేగో రివేరా 1947లో పూర్తిచేసిన కుడ్యచిత్రంలో ఆ పుర్రెకు పూర్తి శరీరం, దుస్తులు ఇచ్చి, పక్కన పోసాదాను చిత్రించాడు. ఆ రూపమే 'కత్రినా'గా స్థిరపడినది.

మృత్యువు ముందు ధనికుడు, పేద అనే తేడా లేదని పోసాదా చిత్రాలు చెబుతాయి. అయితే ఆయన పేదరికంలో మరణించగా, ఉచితంగా ఇచ్చే సమాధిలో పూడ్చారు. కొన్నేళ్ళ తరువాత, అడిగేవారు లేక ఆ ఎముకలను ఉమ్మడి గోతిలో వేశారు. మృతులను మరువని దేశంలో ఆయనకు సమాధి మిగలలేదు. ఆయన గీసిన అస్థిపంజరాలు మాత్రం ఏటేటా ఇంటింటికీ వస్తున్నవి.

విశేషాలు

* ఈ పండుగను యునెస్కో 2008లో మానవాళి అవ్యక్త సాంస్కృతిక వారసత్వపు జాబితాలో చేర్చినది.
* మెక్సికో నగరంలో పెద్ద అస్థిపంజరపు బొమ్మల ఊరేగింపు 2016లో మొదలైనది. 2015 నాటి జేమ్స్ బాండ్ చిత్రం 'స్పెక్టర్'లోని దృశ్యం దీనికి ప్రేరణ.
* 2017లో విడుదలైన 'కోకో' యానిమేషన్ చిత్రంలోని పాత్రలలో చాలావరకు అస్థిపంజరాలే.