చప్పుడు ఎక్కడిది?

పాత లారీ ఇంజను టకటకమంటున్నప్పుడు డ్రైవరు అడిగే ప్రశ్న ఒకటి, మంచి మెకానిక్ అడిగే ప్రశ్న ఇంకొకటి. "ఈ చప్పుడు ఆగాలంటే ఏం చెయ్యాలి?" అంటాడు డ్రైవరు. "ఈ చప్పుడు ఎక్కడిది?" అంటాడు మెకానిక్. మోటారు వాహనాల చరిత్రలో చాలా భాగం ఈ రెండు ప్రశ్నల మధ్యే నడిచిందని నాకనిపిస్తుంది. మొదటి ప్రశ్నకి తొందరపడి చెప్పిన ఒక జవాబుకి ప్రపంచం నూరేళ్ళు మూల్యం చెల్లించింది. రెండో ప్రశ్నకి ఓపిగ్గా జవాబు వెతికినవాళ్ళు మాత్రం చాలామటుకు పుస్తకాలకెక్కలేదు.

మేముండే సింగపూరులో బుకిట్ తిమా దారిలో పాత ఫోర్డ్ ఫ్యాక్టరీ ఉంది. ఆగ్నేయాసియాలో ఫోర్డ్ కంపెనీ కట్టిన మొదటి కార్ల అసెంబ్లీ కర్మాగారం అది. 1941 అక్టోబరులో తెరిచారు. నాలుగు నెలలు తిరిగేసరికల్లా, 1942 ఫిబ్రవరి 15న, బ్రిటిష్ జనరల్ పెర్సివల్ జపాను జనరల్ యమషితాకి లొంగిపోయింది ఆ భవనంలోనే. ఆక్రమణ కాలంలో జపాను వాళ్ళు అక్కడ తమ సైన్యానికి లారీలు బిగించుకున్నారు. 1947లో మళ్ళీ ఫోర్డ్ బళ్ళు రావటం మొదలై 1980 దాకా సాగింది. 2006 నుంచి అది మ్యూజియం. వచ్చినవాళ్ళందరూ లొంగుబాటు జరిగిన గదినే చూస్తారు, అది సహజం. నాకు మాత్రం అక్కడికి వెళ్ళినప్పుడల్లా, అలాంటి షెడ్లనించి బయటకొచ్చిన లారీలు పాతబడ్డాక వాటిని ఎవరు బాగు చేసేవారు, ఎలా చేసేవారు అన్న ఆలోచన వస్తుంది. మెకానికల్ ఇంజనీరింగ్ చదివి సాఫ్ట్‌వేర్‌లో పడ్డవాడి బుద్ధి అనుకోండి.

ఆ కాలపు ఫోర్డ్ లారీల్లో పేరు మోసింది 1932లో వచ్చిన వి-8 ఇంజను. దానికి పోటీ షెవర్లే ఆరు సిలిండర్ల ఇంజను. మన దేశంలోనూ ఈ రెండు కంపెనీల బళ్ళే ఎక్కువ. జనరల్ మోటార్స్ వాళ్ళు 1928లోనే బొంబాయిలో షెవర్లేలు బిగించటం మొదలుపెట్టారు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక సైన్యం వదిలించుకున్న లారీలు కూడా వేలంలో జనం చేతికొచ్చాయి.

ఈ రెండు ఇంజన్లలోనూ టాపెట్ చప్పుడు ఒకటే. వాల్వుకీ దాన్ని నెట్టే భాగానికీ మధ్య చిన్న సందు ఉండాలి, ఎందుకంటే వేడికి లోహం సాగుతుంది. సందు చాలా ఇంజన్లలో అర మిల్లీమీటరు లోపే. అరిగి అది పెరిగితే ఇనుము ఇనుముని కొట్టి టకటకమంటుంది. చప్పుడు ఒకటే కాని మందు వేరు. షెవర్లేలో వాల్వులు పైన ఉంటాయి. మూత తీసి, నట్టు వదులు చేసి, స్క్రూ తిప్పితే సందు సరిపోతుంది. ఫోర్డ్ వి-8లో వాల్వులు సిలిండరు పక్కన ఉంటాయి. ఆ టాపెట్లకి తిప్పే స్క్రూ లేదు. వాల్వు బయటికి తీసి, కాడ చివర అరగదీసి సందు కుదర్చాలి. ఒకటి పూట పని, రెండోది ఇంజను విప్పే పని. అంచేత రెంచి పట్టుకునే ముందే చప్పుడు ఎక్కడిదో తేల్చుకోవాల్సి వచ్చింది.

తేల్చుకునే పద్ధతి ఇలా ఉంటుంది. పెద్ద స్క్రూడ్రైవరు కొనని ఇంజను మీద ఆనించి, పిడిని చెవికి ఆనిస్తారు. 1816లో లేనెక్ అనే ఫ్రెంచి వైద్యుడు కాగితం గొట్టంలా చుట్టి రోగి గుండె చప్పుడు విన్నాడు. స్టెతస్కోపు పుట్టుక అదే. పద్ధతి అదే, రోగి మారాడు. చప్పుడు పై మూత దగ్గర గట్టిగా వినిపిస్తే అనుమానం టాపెట్ల మీదకి పోతుంది. కింద ఆయిల్ చాంబరు వైపు వినిపిస్తే కనెక్టింగ్ రాడ్ బేరింగు మీదకి పోతుంది.

తరవాత లెక్క. వాల్వులని నడిపే క్యాం షాఫ్టు, క్రాంకు రెండు చుట్లు తిరిగితే ఒక చుట్టు తిరుగుతుంది. నిమిషానికి 600 చుట్ల ఐడిలింగులో ఒక టాపెట్ సెకనుకి అయిదు దెబ్బలే వేస్తుంది. క్రాంకు వైపు దెబ్బ సాధారణంగా పది. ఈ తేడాని చెవి పడుతుంది. ఇంజను చల్లగా ఉన్నప్పుడు కొట్టి, వేడెక్కాక తగ్గితే పిస్టను ఆడుతున్నట్టు. వేడెక్కి ఆయిల్ పలచబడ్డాక పెరిగితే బేరింగు మెటల్ పోయినట్టు. ఆఖరి పరీక్ష, ఒక్కొక్క సిలిండరునీ ఆపి చూడటం: పెట్రోలు బండికి ప్లగ్గు వైరు, డీజిలు బండికి ఇంజెక్టరు పైపు. ఏ సిలిండరు ఆపితే చప్పుడు తగ్గిందో అక్కడ రాడ్డో పిస్టనో దోషి. ఏది ఆపినా మారకపోతే టాపెట్టే. ప్రోగ్రాములో తప్పు పట్టుకోవటానికి ఒక్కొక్క భాగాన్నీ మూసి చూసే పద్ధతి నేను పాతికేళ్ళుగా వాడుతున్నాను. వీళ్ళు దాన్ని ఎప్పుడో గ్రీజు చేతులతో సాధించారు.

మన వైపు ఈ విద్యకి పెద్ద బడి విజయవాడ ఆటోనగర్. 1954లో జంషెడ్‌పూర్‌లో టాటా-మెర్సిడెస్ లారీలు మొదలయ్యాయి. 1955లో అశోక్ మోటార్స్ అశోక్ లేలాండ్ అయింది. డీజిలు ఇంజనుకి పుట్టుకతోనే ఒక మోత ఉంది. చల్లిన నూనె క్షణంలో వెయ్యో వంతు ఆగి, ఒక్కసారి అంటుకోవటం వల్ల వచ్చే మోత అది. ఆ మోతలోంచి జబ్బు చప్పుడుని వేరు చెయ్యటం నేర్చుకున్నవాళ్ళలో చాలామంది పదేళ్ళప్పుడు పానాలు అందిస్తూ చేరిన పిల్లలు. "ఏరా, పైనా కిందా?" అని మేస్త్రి అడిగితే చెప్పగలిగినవాడు పనివాడైనట్టు లెక్క. తప్పు చెబితే, పావలా పనికి ఇంజను దించి, ఒక్క లారీ మీద బతికే కుటుంబం నెల కిస్తీ తప్పుతుంది.

వాళ్ళు చెప్పే ముఖ్యమైన మాట ఇంకోటుంది. టాపెట్ సందు ఎక్కువైతే చప్పుడు చేస్తుంది, అంతే. చప్పుడు పోవాలని మరీ బిగిస్తే ఇంజను నిశ్శబ్దంగానే నడుస్తుంది, కాని వాల్వు పూర్తిగా మూసుకోక కాలిపోతుంది.

ఈ మాట ప్రయోగశాలల్లో విని ఉంటే బాగుండేది. పెట్రోలు ఇంజన్లలో ఇంకో రకం కొట్టుడు ఉంది. ఇంధనం అదుపు తప్పి పేలటం వల్ల వచ్చేది. దాన్ని ఆపటానికి 1921 డిసెంబరులో జనరల్ మోటార్స్ పరిశోధకుడు థామస్ మిడ్జ్లీ పెట్రోలులో సీసం కలిపితే చాలని కనిపెట్టాడు. చప్పుడు ఆగింది. 1924లో న్యూజెర్సీలో ఆ సీసం తయారుచేసే చోట పనివాళ్ళు మతి చెడి చనిపోయారు. అయినా అమ్మకం ఆగలేదు. సింగపూరు 1998లో, భారతదేశం 2000లో సీసం పెట్రోలు మానాయి. ఆఖరున అల్జీరియా 2021లో మానింది. ఇంజను నోరు నొక్కిన విషం నూరేళ్ళు పిల్లల నెత్తురులో చేరింది.

ఇప్పుడు సింగపూరులో పాత లారీ చప్పుడు వినటం కష్టం. సరుకు లారీకి ఇక్కడ చట్టం ఇచ్చిన ఆయుష్షు ఇరవై ఏళ్ళు. 2040కల్లా బళ్ళన్నీ కాలుష్యం తక్కువ ఇంధనాలతో నడవాలన్నది ప్రభుత్వ లక్ష్యం. ఈనాటి పెట్రోలు ఇంజన్లలో కొట్టుడు వినటానికి చిన్న సెన్సరు ఉంటుంది. కంప్యూటరు తనంతట తాను సర్దుకుంటుంది. మా వృత్తిలోవాళ్ళు యంత్రాల చప్పుళ్ళు విని జబ్బు చెప్పే ప్రోగ్రాములు కూడా రాస్తున్నారు. వాటికి చప్పుళ్ళు ఎన్నైనా దొరుకుతాయి. ఏ చప్పుడు దేనిదో చెప్పే మనిషి మాత్రం కావాలి.

ఆ మనుషులు ఆటోనగర్లో ఇంకా ఉన్నారు. వాళ్ళ పిల్లలు ఇంజనీరింగు చదివి మనలాగే ఊళ్ళు దాటుతున్నారు. ఈసారి సెలవులకి వెళ్ళినప్పుడు మీ బంధువుల్లో అలాంటి మేస్త్రి ఎవరైనా ఉంటే, దగ్గర కూర్చుని ఫోనులో మూడు సంగతులు పట్టుకురండి: ఇంజను చప్పుడు, అది విని ఆయన చెప్పిన మాట, విప్పాక లోపల కనిపించింది. మూడూ కలిస్తేనే అది చరిత్ర.