రేకపల్లి పితూరి: ఠాణాపై దాడి జరిగిన పిమ్మట

కొత్తగూడెము మీదుగా భద్రాచలము చేరు యాత్రికులలో, గోదావరికి దిగువనున్న రేకపల్లి కొండలను గూర్చి యడుగువారు అరుదు. 1879 జూలైలో అంబుల్‌రెడ్డి యనువాడు తన యనుచరులతో నచ్చటి వడ్డిగూడెము పోలీసు ఠాణాపై బడెను. అదే యేట మార్చిలో రంపదేశమున లేచిన పితూరియే యీ మన్యమునకును ప్రాకినది.

దొరతనమువారు మొదట చేసినపని సేనలను బంపుట. ఆ యేడు ముగియులోపల ఆరు మద్రాసు పదాతి పటాలములును, ఆశ్వికులును, హైదరాబాదు కంటింజెంటు దళమును మన్యమునకు వచ్చెను. విల్లమ్ములును పాతతుపాకులును గలవారిపై నింత బలగమా యని నేటి చదువరి యాశ్చర్యపడవచ్చును. కాని యడవిలో దారి చూపువారు లేనిదే సేన గ్రుడ్డిది. ఊళ్లు నోరు విప్పలేదు.

అప్పుడు రెవిన్యూ బోర్డు సభ్యుడగు సలివన్ దొర విచారణకు వచ్చెను. రంపలో మునసబుదారు కల్లుపై విధించిన చిగురుపన్ను, పల్లపు వర్తకులు కోర్టు డిక్రీలతో పశువులను తోలుకొనిపోవుట, పోలీసుల లంచములు—ఇవన్నియు బయటపడెను. రేకపల్లి సంగతి వేరు. అది 1874లో మధ్యపరగణాలనుండి మద్రాసు రాజధానిలో చేరినది. పిమ్మట పోడుపన్ను ఇంచుమించు మూడింతలయ్యెను, కొన్ని యడవులలో పోడే కూడదనిరి. ఠాణాలోని జవాను ఈ పన్నులు వేసినవాడు కాడు. అయినను కొండవాని కంటికి దొరతనమనగా ఆ జవానే. దెబ్బ వానికే తగిలినది. ఆ హత్యలను నేను మెచ్చను.

విచారణకు ఫలము లేకపోలేదు. మునసబుదారును తొలగించిరి, చిగురుపన్ను రద్దుచేసిరి, ముఠాదారులకు నేరుగా సనదు లిచ్చిరి. అయితే ఆ సనదులలోనే యొక నిబంధన: అలజడుల వార్త ముఠాదారుడే వెంటనే తెలుపవలెను, నేరస్థులను పట్టియీయవలెను. ఠాణా చేయవలసిన కాపలా సగము ఊరి నెత్తికెక్కెను. తనవారిని పట్టియిచ్చిన పెద్దకు ఊరిలో నేమి గౌరవము మిగులును?

పోడుబాధ మాత్రము తీరలేదు. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజు అనుచరులు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలనుండి తుపాకులు గొనిపోయిరి. అడవి నిషేధములకు తోడు, రోడ్డుపనిలో కూలి యెగవేతయు నప్పటి ఫిర్యాదు. దొరతనమువారు మలబారు పోలీసులను, పిదప అస్సాము రైఫిల్సును దింపిరి. 1924 మే 7న కొయ్యూరున రాజును పట్టుకొని, న్యాయస్థానము మెట్టెక్కింపకయే కాల్చిరి.