టైపు మిషను వరుసల్లో దాగిన మాటలు

మన ఉద్యోగ జీవితంలో ఇంగ్లీషు ఎంత అవసరమైందో మన తరం వారికి చెప్పనక్కరలేదు. 1966లో అధికార భాషా చట్టం వచ్చినా, ఆ తరువాత కూడా చాలా కాలం పై ఆఫీసులకు వెళ్ళే కాగితాలు ఎక్కువగా ఇంగ్లీషులోనే నడిచాయి. మా నల్లచెరువు వంటి ఊళ్ళలో, ఇంట్లో మొదటిసారి హైస్కూలు దాటిన పిల్లలకు ఆ భాష స్పెల్లింగులు పట్టుబడింది బడిలో కంటే టైపు ఇన్‌స్టిట్యూట్‌లోనే ఎక్కువ అంటే అతిశయోక్తి కాదు.

ముందు ఆ మిషను చరిత్ర కొంత. అమెరికాలోని మిల్వాకీ నగరంలో పత్రికా సంపాదకుడుగా పనిచేసిన క్రిస్టఫర్ షోల్స్, తన మిత్రులతో కలిసి 1868లో టైపు మిషనుకు పేటెంటు పొందారు. 1873లో తుపాకులు తయారుచేసే రెమింగ్టన్ కంపెనీ దానిని తీసుకొని మరుసటి ఏడాది అమ్మకానికి పెట్టింది. మొదట అక్షరాలు ఏ, బి, సి వరుసలోనే ఉండేవి. క్రమంగా చెదిరి నేటి రూపానికి వచ్చాయి. పాత వరుస జాడ ఇప్పటికీ నడిమి వరుసలో చూడవచ్చు: డి, ఎఫ్, జి, హెచ్, జె, కె, ఎల్. మన దేశంలో గోద్రెజ్ వారి మిషను 1955లో వచ్చింది.

1985లో మండలాలు ఏర్పడేవరకు మాది కదిరి తాలూకా. 1969లో నేను కదిరిలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో చేరాను. లోయరుకు నిమిషానికి 30 మాటలు, హయ్యరుకు 45 మాటలు కొట్టాలి. వానను నమ్ముకున్న వేరుశనగ సీమ మాది. వాన రాకపోతే పంట పోతుంది గాని వేలికి వచ్చిన విద్య పోదని పెద్దలు అనేవారు. ఆ సర్టిఫికెట్టుతోనే ఎన్నో కుటుంబాలు నిలబడ్డాయి.

మా మాస్టరు గారు వేళ్ళు కుదిరేందుకు ఒక పని పెట్టేవారు. ఒకే వరుసలోని అక్షరాలతో ఏయే మాటలు వస్తాయో వెదికి తేవాలి. పై వరుసలో క్యూ, డబ్ల్యు, ఇ, ఆర్, టి, వై, యు, ఐ, ఓ, పి ఉన్నాయి. అచ్చులలో నాలుగు అక్కడే ఉన్నందున ఆ వరుస సంపన్నమైనది. ‘టైప్‌రైటర్’ అనే మాటే అందులో ఇమిడి ఉంది. అమ్మకందార్లు చూపించడానికి వీలుగా కావాలనే అలా పెట్టారని ఒక కథ ఉన్నది గాని దానికి రుజువు లేదు. ఇంకా చూడండి: ప్రాపర్టీ, టెరిటరీ, ప్రయారిటీ, రిపోర్ట్, క్వెరీ, ఎర్రర్. ఒక రెవెన్యూ ఆఫీసు మొత్తం ఆ వరుసలోనే ఉన్నట్టుంది! చివరికి ‘రిటైర్’ కూడా అక్కడే.

నడిమి వరుసలో ఉన్న అచ్చు ‘ఏ’ ఒక్కటే. అయినా గ్లాస్, హాల్, సలాడ్ వస్తాయి. ఇంగ్లీషు నిఘంటువుకు మన దేశం ఇచ్చిన ‘లాఖ్’ (లక్ష) కూడా అక్కడే దొరుకుతుంది. కింది వరుసలో అచ్చే లేదు గనుక మాటా లేదు.

చేతుల లెక్క ఇంకా వినోదం. ఎడమచేతి అక్షరాలతోనే టాక్స్, సెస్, ఏకర్, అబ్‌స్ట్రాక్ట్, అరియర్స్ కొట్టవచ్చు. కుడిచేతితోనే యూనియన్, ఒపీనియన్, మిలియన్. అరియర్స్ ఒక చేతిలో, యూనియన్ మరో చేతిలో అన్నమాట! ‘పెన్షన్’ మాత్రం ఒక్క వరుసలో దొరకదు. దానికి మూడు వరుసలూ తిరగాలి. ఇది మన సభ్యులందరి అనుభవమే!

ఈ అక్షరాల వేట మనకు కొత్తది కాదు. అవధానంలో న్యస్తాక్షరి అంటే పృచ్ఛకుడు చెప్పిన అక్షరం చెప్పిన స్థానంలో రావాలి. నిషిద్ధాక్షరిలో అడుగడుగునా వద్దన్న అక్షరాన్ని తప్పించి పద్యం నడపాలి. మన సీమలోనే ప్రొద్దుటూరు సి.వి. సుబ్బన్న గారు శతావధానిగా ప్రసిద్ధులు. వారు చేసేది మహావిద్య, మాది బతుకుతెరువు కోసం చేసిన సాధన. అయినా అక్షరానికి కట్టుబడి మాట వెదకడం రెంటిలోనూ ఉంది.

ఆఫీసుల్లోకి కంప్యూటర్లు వచ్చాక టైపు మిషన్లు మూలపడ్డాయి. కాని షోల్స్ గారి అక్షర వరుస పోలేదు. మనుమలు, మనుమరాళ్ళ చేతిలోని సెల్‌ఫోనులో అదే వరుస ఉన్నది. స్పెల్లింగును ఫోనే దిద్దుతుంది గనుక వెదికే పని వారికి తప్పింది. వెదికి పట్టుకున్న మాట మనసులో నిలిచినట్టు ఎవరో అందించిన మాట నిలవదని నా అభిప్రాయం.

కనుక సెలవు రోజుల్లో పిల్లలను కూర్చోబెట్టుకొని ఈ ఆట ఆడించమని సభ్యులకు నా మనవి. ఊరి పేరుతోనే మొదలుపెట్టవచ్చు. ఇంగ్లీషులో ‘నల్లచెరువు’ పన్నెండు అక్షరాలు. అందులో నుంచి లెర్న్, వాల్యూ, అంకుల్, లాంచ్, న్యూక్లియర్ తీయవచ్చు. ‘న్యూక్లియర్’ అక్షరాలనే తారుమారు చేస్తే ‘అన్‌క్లియర్’ అవుతుంది. లంచ్ కూడా ఉంది గాని, సంతోషించదగినది ఏమంటే, లంచానికి ఇంగ్లీషు మాటైన ‘బ్రైబ్’ మాత్రం మా ఊరి పేరులో ఎంత వెదికినా రాదు. మీమీ ఊళ్ళ పేర్లలో ఏమేమి ఉన్నాయో చూసి, వచ్చే సమావేశంలో చెప్పండి.