పేగులు, రక్తనాళాలు, పురుషత్వం: ఒక వైద్య భావన చరిత్ర

అంగస్తంభన లోపం గురించి మన ఇళ్లలో ఎవరూ నోరు విప్పరు. ఆ మౌనం వల్ల లాభపడినవారు గోడలమీద ప్రకటనలు రాయించేవారే. ఈ లోపానికీ మన పేగుల్లో నివసించే బాక్టీరియాకూ సంబంధం ఉండవచ్చునంటే మీకు వింతగా తోచవచ్చు. కానీ ఈ ఆలోచనకు వందేళ్లకు పైబడిన పూర్వచరిత్ర ఉంది.

1889లో పారిస్ నగరంలో బ్రౌన్-సెకార్ అనే 72 ఏళ్ల శరీరధర్మ శాస్త్రవేత్త, కుక్కల, గినీ పందుల వృషణాల నుంచి తీసిన ద్రవాన్ని తనకు తానే ఇంజెక్షన్‌గా తీసుకున్నారు. యౌవనం తిరిగి వచ్చిందని, చివరికి మలబద్ధకం కూడా తగ్గిందని శాస్త్రజ్ఞుల సభలో ప్రకటించారు. నిజానికి టెస్టోస్టిరాన్ నీటిలో దాదాపు కరగదు. ఆయనకు కలిగిన బలం నమ్మకం వల్ల వచ్చిందే. అయినా అటువంటి ద్రవాలకు గిరాకీ పెరిగింది.

అదే నగరంలో, పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో మెచ్నికాఫ్ మరో దారి పట్టారు. తెల్ల రక్తకణాలు సూక్ష్మజీవులను మింగివేస్తాయని కనుగొని, 1908లో నోబెల్ బహుమతిని ఎర్లిక్‌తో పంచుకున్న శాస్త్రవేత్త ఈయన. పెద్దపేగులోని కుళ్లబెట్టే బాక్టీరియా విషపదార్థాలను పుట్టించి, రక్తనాళాలను గట్టిపరచి, ముసలితనాన్ని తొందరగా తెస్తుందని ఆయన వాదించారు. దానికి విరుగుడుగా పులిసిన పాలు తాగమన్నారు. పెరుగన్నం తినే మనకు ఇదేమంత కొత్త సలహా కాదనుకోండి! లండన్‌లో ఆర్బుత్‌నాట్ లేన్ అనే శస్త్రవైద్యుడు ఇంకా ముందుకు వెళ్లి, మొండి మలబద్ధకానికి ఏకంగా పెద్దపేగునే కోసి తీసేశారు. సిద్ధాంతం రుజువు కాకముందే చికిత్స మొదలైతే రోగి ఎంత మూల్యం చెల్లించాలో దీన్నిబట్టి ఊహించండి. మెచ్నికాఫ్ 1916లో గుండెజబ్బుతో మరణించారు. ఆయన సిద్ధాంతం కూడా క్రమంగా మరుగున పడింది.

రక్తనాళాల లోపలి పొర ఏదో పదార్థాన్ని విడుదల చేసి నాళాలను సడలిస్తుందని 1980లో ఫర్చ్‌గాట్ చూపారు. ఆ పదార్థం నైట్రిక్ ఆక్సైడ్ అని తర్వాత తేలింది. అంగస్తంభనకు మూలం కూడా ఇదే. ఈ పరిశోధనలకు 1998లో ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు నోబెల్ లభించింది. అదే ఏడాది అమెరికాలో సిల్డెనాఫిల్ మాత్రకు అనుమతి వచ్చింది.

ఇక్కడే పేగులు మళ్లీ రంగం మీదికి వచ్చాయి. మాంసం, గుడ్లలోని కొన్ని పదార్థాలను పేగుల బాక్టీరియా మార్చగా, కాలేయం వాటినుంచి టీఎంఏఓ అనే రసాయనాన్ని తయారుచేస్తుంది. అది ఎలుకల్లో రక్తనాళాల పూడికను పెంచుతుందని 2011లో హేజెన్ బృందం ప్రకటించింది. అంగానికి రక్తం తెచ్చే ధమనులు గుండె ధమనులకన్నా సన్ననివి. కాబట్టి పూడిక ప్రభావం అక్కడ ముందే బయటపడవచ్చు.

ఈ లోపం ఉన్నవారిలోనూ లేనివారిలోనూ పేగుల బాక్టీరియా వేరుగా ఉన్నట్లు ఇటీవలి కొన్ని అధ్యయనాలు చెబుతున్నాయి. అయితే అవి ఎక్కువగా చిన్నవి. మధుమేహం, స్థూలకాయం రెండింటినీ మార్చగలవు గనుక ఏది కారణమో, ఏది ఫలితమో ఇంకా విడదీయలేదు. ఈ లోపానికి పేగుల బాక్టీరియా మందంటూ అమ్మేవి ఏవీ ఇంతవరకు రుజువైన చికిత్సలు కావు. మీకు ఈ ఇబ్బంది కొత్తగా మొదలైతే డాక్టరుతో రక్తపోటు, చక్కెర, గుండె పరీక్షలు చేయించుకోండి. గుండెనొప్పికి నైట్రేట్ మాత్రలు వాడేవారు సిల్డెనాఫిల్ వేసుకుంటే రక్తపోటు ప్రాణాంతకంగా పడిపోవచ్చు. కనుక సిగ్గుపడి చాటుగా కొని మింగే మందు అది కాదు.