పాత పెట్టెకు కొత్త ప్రాసెసర్

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌ను కంప్యూటర్ పని తెలిసినవాళ్లంతా సీటీసీ అంటారు. జనగామలోనో మహబూబాబాద్‌లోనో రైలెక్కితే నేరుగా సికింద్రాబాద్‌లో దిగొచ్చు. భూపాలపల్లి వాళ్లకు రైలు లేదు. పరకాల మీదుగా హన్మకొండ దాకా బస్సు, ఆపైన కాజీపేటలో రైలు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడూ ఇంకా వరంగల్ జిల్లాలో ఉన్న కాలంలో, పాత డెస్క్‌టాప్‌కు కొత్త ప్రాసెసర్ కావాలంటే చేరువలోని పెద్ద బజారు సీటీసీయే.

పాత యంత్రాన్ని మెరుగుపరిచి వాడుకోవడం మన దగ్గర అంతకంటే ముందే మొదలైంది. 1967లో హైదరాబాద్‌లో ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ పుట్టింది. దాన్ని నిలబెట్టిన డాక్టర్ ఎ.ఎస్.రావు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టినవారు. ట్రాంబేలో రూపుదిద్దుకున్న 12 బిట్ల కంప్యూటర్ టీడీసీ-12ను 1969లో విక్రమ్ సారాభాయ్ ప్రారంభించారు. ఈసీఐఎల్ దాన్ని అక్కడితో వదిలెయ్యలేదు. 1974లో దాన్నే మెరుగుపరిచి టీడీసీ-312 చేసింది. మరుసటి ఏడాది 16 బిట్ల టీడీసీ-316, 1978లో మైక్రోప్రాసెసర్‌తో నడిచే మైక్రో-78 వచ్చాయి. అదే 1978లో ఐబీఎం దేశం వదిలి వెళ్లింది. అది వదిలిన యంత్రాల మరమ్మతు బాధ్యత ప్రభుత్వ సంస్థ సీఎంసీ మీద పడింది. ఉన్న యంత్రాన్ని విప్పి, అర్థం చేసుకుని, మళ్లీ పనికి పెట్టే నేర్పు అప్పుడే మన ఇంజనీర్లకు అబ్బింది.

పర్సనల్ కంప్యూటర్లు వచ్చాక ఆ నేర్పు వీధి దుకాణాల దాకా చేరింది. 1992లో ఇంటెల్ తెచ్చిన 486 డీఎక్స్2 బోర్డుతో 33 మెగాహెర్ట్జ్‌లో మాట్లాడుతూ, లోపల మాత్రం 66లో పనిచేసేది. బోర్డు మార్చకుండానే వేగం పెంచుకోవచ్చన్న మాట. పాత 486ల కోసమే ఇంటెల్ ఓవర్‌డ్రైవ్ చిప్‌లు కూడా అమ్మింది.

చిత్రమైన సంగతి ఏఎండీ సంస్థ ప్రాసెసర్ కె6-2ది. పెంటియం 133 నడిచే బోర్డు మీద 66 మెగాహెర్ట్జ్‌ను రెండుతో హెచ్చించేలా జంపర్ అనే చిన్న అమరిక ఉంటుంది. 400 మెగాహెర్ట్జ్ రకం కె6-2ల్లో చాలావాటికి ఆ ‘రెండు’ ఆరుగా అర్థమవుతుంది. జంపర్ కదపకుండానే వేగం 400కి చేరుతుంది. అయితే పెంటియంకు 3.3 వోల్టులు కావాలి, దీని లోపలి భాగానికి 2.2 చాలు. బోర్డు ఆ వోల్టేజీ ఇవ్వగలదో లేదో మాన్యువల్లో చూసుకోకుండా పెడితే చిప్ కాలిపోవచ్చు. బోర్డును మొదలుపెట్టే పాత బయాస్ ప్రోగ్రామ్ కొత్త చిప్ పేరు గుర్తుపట్టకపోవచ్చు కూడా.

చిప్ పెట్టడమూ ఓపిక పనే. సాకెట్ పక్కనున్న మీట నిటారుగా లేపాలి. చిప్ మూలనున్న గుర్తును సాకెట్ మీది గుర్తుకు సరిచూడాలి. బరువు వెయ్యకూడదు, తనంతట తానే దిగాలి. ఒక్క పిన్ను వంగినా సన్నని బ్లేడుతో నిదానంగా నిలబెట్టాలి. మీట దించాక థర్మల్ పేస్టు పూసి, హీట్‌సింక్ బిగించి, ఫ్యాన్ తీగ కలపాలి.

ఈ పని చేసినవాడికి కంప్యూటర్ లోపల ఏది దేనితో ఎంత వేగంతో మాట్లాడుతుందో చేతికి తెలుస్తుంది. నేటి ల్యాప్‌టాప్‌లలో ప్రాసెసర్‌ను బోర్డుకే అతికించేస్తున్నారు కాబట్టి ఆ చదువు వాటిలో దొరకదు.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి 2016 అక్టోబర్ 11న జిల్లాలయ్యాయి. ఈ జిల్లాల్లో ఏ ఆఫీసు స్టోరులోనైనా, ఏ ఇంటి అటక మీదైనా పాత పెంటియం పెట్టె ఉంటే తూకానికి వెయ్యకండి. దగ్గరున్న పాలిటెక్నిక్‌కో, డిగ్రీ కాలేజీ ల్యాబ్‌కో ఇవ్వండి. అక్కడి పిల్లలు దాన్ని విప్పి చూడనివ్వండి.