సొరోరిటీలో చేరడమా, మానడమా?

అమెరికాలో కాలేజీ గడప తొక్కిన అమ్మాయికి మొదటి రోజుల్లోనే ఒక ప్రశ్న ఎదురవుతుంది: సొరోరిటీలో చేరడమా, మానడమా? గ్రీకు అక్షరాలను పేర్లుగా పెట్టుకున్న విద్యార్థినీ సంఘాలివి. చందాలు కట్టి చేరితే స్నేహితురాళ్లు, చాలాచోట్ల ఉండడానికి ఇల్లు, చదువు ముగిశాక పలుకుబడి గల పరిచయాలు లభిస్తాయి. ఇదంతా ఎవరి ఇష్టం వారిదన్నట్టు మాట్లాడడం పరిపాటి. కాని చేరాలనుకున్న ప్రతివారూ చేరలేరు. లోపలివారు ఎంచుకోవాలి. అసలు కథంతా ఆ ఎంపికలోనే ఉంది.

పుట్టుకలో ఇవి ధిక్కార సంఘాలే. ఇండియానాలో, నేడు డిపా విశ్వవిద్యాలయమనబడే కళాశాల, 1867లో స్త్రీలను చేర్చుకున్నది. మగపిల్లల సంఘాలు మాత్రం వారిని సభ్యులుగా రానివ్వలేదు. 1870లో నలుగురు విద్యార్థినులు కప్పా ఆల్ఫా తీటాను స్థాపించుకున్నారు. బయట నిలబెట్టబడినవారు కట్టుకున్న ఇల్లు అది. ఆ యింటికి గడియ ఎలా పడిందో న్యూయార్కులోని బార్నార్డ్ కాలేజీని చూస్తే తెలుస్తుంది.

అక్కడ 1897లో జెస్సీ వాలెస్ హ్యూగన్ మరి ముగ్గురితో కలిసి ఆల్ఫా ఓమిక్రాన్ పైను స్థాపించింది. తర్వాత సోషలిస్టు పార్టీలో పనిచేసి, 1923లో వార్ రెసిస్టర్స్ లీగ్‌ను నెలకొల్పిన హ్యూగనే ఈమె! అయినా 1909 నాటికి అదే కాలేజీలో ఏడుగురు యూదు యువతులు ఆల్ఫా ఎప్సిలాన్ ఫై అనే వేరు సంఘం పెట్టుకోవలసివచ్చింది. తక్కిన సంఘాలలో యూదులకు చోటు దొరకడం అరుదు. స్థాపకుల సదుద్దేశం ఎంపిక పద్ధతిని మార్చలేదన్నమాట. ఈ పద్ధతిని ఎదిరించిన విద్యార్థినులలో, అనంతరం 'ది నేషన్' పత్రికకు సంపాదకురాలైన ఫ్రీడా కర్చ్‌వే ఒకరు. 1913లో అధ్యాపకవర్గం కొత్త సభ్యుల ఎంపికను నిలిపివేసింది. ఆ పిమ్మట సంఘాలే లేకుండా పోయాయి. హ్యూగన్ సంఘం పుట్టినచోటనే మూతపడింది. స్టాన్‌ఫర్డ్‌లో కూడా 1944లో రద్దయినాయి గాని, 1977లో తిరిగి వచ్చాయి.

అలాగని అన్నిటినీ ఒకే గాట కట్టడం తప్పు. వాషింగ్టన్‌లోని హోవర్డ్ విశ్వవిద్యాలయంలో 1913 జనవరిలో 22 మంది నల్లజాతి విద్యార్థినులు డెల్టా సిగ్మా తీటా స్థాపించారు. వారు మొదట చేసిన పని విందు కాదు. మార్చి 3న స్త్రీల ఓటుహక్కు ఊరేగింపులో నడిచారు. నల్లజాతి స్త్రీలు వెనుక నడవాలని తెల్ల నాయకురాళ్లు కోరిన ఊరేగింపు అది! ఇక్కడ సంఘం గడియ కాదు, ఆయుధం.

ఇది పాతకథ అనుకునేవారు అలబామాను చూడాలి. 2013లో అక్కడి విశ్వవిద్యాలయ విద్యార్థి పత్రిక ఒక సంగతి బయటపెట్టింది. మంచి మార్కులున్న నల్లజాతి యువతిని తెల్లవారి సొరోరిటీలు కాదన్నాయి. చేర్చుకుందామన్న సభ్యురాళ్లున్నారు, పూర్వ విద్యార్థినులు అడ్డుపడ్డారు. ఆ సభ్యురాళ్లలో కొందరు పత్రికతో నోరు విప్పారు. చేరిన తర్వాత కూడా నిర్ణయించుకోవలసినది మిగిలి ఉంటుందని వారికి అప్పుడు తెలిసివచ్చి ఉండాలి. విద్యార్థులు, అధ్యాపకులు ఊరేగింపు తీశారు. పాలకులు ఎంపికను మళ్లీ తెరిపించారు. నల్లజాతి యువతులకు ఆహ్వానాలు వెళ్లాయి. కొందరు వెంటనే ఒప్పుకున్నారు, కొందరు ఒప్పుకోలేదు.