ఆల్చిప్పలో దొరికిన నాచు గుట్టు

సుషికి చుట్టే నల్లటి పలుచని రేకు పేరు నోరి. ఆటుపోట్ల మధ్య తడిసి ఆరే బండలను అంటుకుని పెరిగే ఎర్ర నాచు నుంచి దాన్ని చేస్తారు. ఈ పోర్ఫైరా తెగ నాచులకు దగ్గరి పోలికలున్న శిలాజం కెనడా ఉత్తర కొసన సోమర్‌సెట్ దీవిలో దొరికింది. దాని వయసు సుమారు 105 కోట్ల ఏళ్లు. మన విశాఖ తీరపు రాళ్ల మీదా ఈ తెగ నాచు ఉంది.

వేల్స్ ప్రజలు దీన్ని గంటల తరబడి ఉడికించి, ఓట్స్ కలిపి వేయించుకు తింటారు. జపాన్‌లో 701 నాటి తైహో శాసనం పన్నుగా కట్టే సరుకుల్లో నోరిని చేర్చింది. ఎడో కాలానికి టోక్యో ఖాతంలో కొమ్మలు, వెదుళ్లు పాతి సాగు మొదలుపెట్టారు. కానీ విత్తనం ఎక్కడి నుంచి వస్తుందో ఎవరికీ అంతుపట్టలేదు. వేసవిలో నాచు మాయమయ్యేది, చలికాలానికి మళ్లీ మొలిచేది. కొన్నేళ్లు అసలు మొలిచేదే కాదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పంట దెబ్బతిని రైతులు కుదేలయ్యారు.

జవాబు ఇంగ్లండులో దొరికింది. కాథ్లీన్ డ్రూ-బేకర్ మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో లెక్చరర్. పెళ్లయిన స్త్రీలు ఉద్యోగం చేయరాదన్న నియమం వల్ల 1928లో ఆమె కొలువు పోయింది. అయినా జీతం లేకుండానే పరిశోధన సాగించారు. బ్రిటన్ తీరపు బండల మీద పెరిగే పోర్ఫైరా అంబిలికాలిస్ బీజాలను ఆల్చిప్పలతో కలిపి పెంచారు. అవి చిప్పలోకి తొలుచుకుపోయి గులాబీ రంగు పోగులయ్యాయి. కాంకోసెలిస్ అనే వేరే మొక్కగా శాస్త్రజ్ఞులు అప్పటిదాకా లెక్కగట్టింది ఆ పోగులనే! నాచు వేసవంతా చిప్పల్లో తలదాచుకుంటుందని తేలింది. 1949లో ఈ సంగతి 'నేచర్' పత్రికలో వెలువడింది.

జపాన్‌లోని క్యుషు విశ్వవిద్యాలయ ఆచార్యుడు సోకిచి సెగావా దాని విలువ గుర్తించారు. కుమమోతోలో పరిశోధకుడు ఫుసావో ఓటా, చిప్పల్లో నారు పెంచి వలలకు పట్టించే పద్ధతిని రూపొందించారు. దైవాధీనంగా ఉన్న పంట రైతు చేతికి వచ్చింది.

డ్రూ-బేకర్ 1957లో కన్నుమూశారు. జపాన్‌లో ఆమె ఎన్నడూ అడుగుపెట్టలేదు. అయినా నోరి రైతులు 1963లో ఉతో పట్టణంలో ఆమెకు స్మారకం కట్టుకున్నారు. ఏటా ఏప్రిల్ 14న అక్కడ చేరి నివాళులర్పిస్తారు. జీతం లేని ఒక శాస్త్రవేత్త కుతూహలం ఎన్నో ఊళ్లకు కూడు పెట్టింది. జపాన్‌లో నోరి సాగు నేటికీ చాలావరకు ఆల్చిప్పలతోనే మొదలవుతుంది.